నాన్నకి అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు. నూనె కాచి గట్టిగా మర్దన చేయించొచ్చా?

కూర్మన్నపాలెం_అమ్మాయి

నమస్కారం అండి. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా నాన్నకి 64 ఏళ్ళు. స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. షుగర్ వచ్చి 17 ఏళ్ళయింది. రెండేళ్ళ నుంచి అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు. పగలు ఏదో పనిలో తిరుగుతూ ఉంటే అంతగా తెలియదట, రాత్రి పదకొండు దాటిందంటే మొదలు. ఒక్కోసారి కారం రాసినట్టు మంట, ఒక్కోసారి సూదులతో పొడుస్తున్నట్టు, ఉన్నట్టుండి బొటనవేల్లో కరెంటు కొట్టినట్టు జిల్లుమంటుందట. దుప్పటి కాళ్ళకి తగిలితే తన్నేస్తారు. మొన్న రాత్రి రెండింటికి మెలకువ వచ్చి చూస్తే బాత్రూంలో ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుని, మగ్గుతో కాళ్ళ మీద చన్నీళ్ళు పోసుకుంటున్నారు. నన్ను చూసి "ఏం లేదమ్మా, నువ్వెళ్ళి పడుకో" అన్నారు. ఇంకెక్కడి నిద్ర నాకు.

డాక్టరు గారు షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయని చెప్పి రాత్రికి ప్రీగాబలిన్ 75 రాశారు. కొంచెం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు, పైగా పొద్దున్న లేవగానే తూలుతున్నట్టు ఉంటోందంటున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. అమ్మ స్నేహితురాలు ఒకావిడ చెప్పింది, గాజువాక నుంచి ఒకాయన ఇంటికే వచ్చి నూనె కాచి మర్దన చేస్తాడట, 21 రోజులు వరసగా చేయించుకోవాలట. పిక్క దగ్గర్నుంచి అరికాలి దాకా "నరం పట్టుకుని" బాగా గట్టిగా నొక్కుతాడట, బొటనవేళ్ళతో పొడిచి పొడిచి నొక్కితే ఆగిపోయిన నరంలో కదలిక వస్తుందంటాడట. అమ్మ రేపే పిలిపిద్దాం అంటోంది. నాన్నేమో ఈ మంట పోతే చాలు, ఎవరేం చెప్పినా చేస్తాను అనే స్థితిలో ఉన్నారు.

నాకే ఎటూ తేలడం లేదు. ఎందుకంటే నేను రాత్రుళ్ళు కాసేపు కాళ్ళు పడితే ఆయనకి నిజంగానే హాయిగా ఉంటుంది, నిద్ర కూడా పడుతుంది. మరి నేను పడితే మంచిదైనప్పుడు ఆయనొచ్చి గట్టిగా చేస్తే ఇంకా మంచిదేనా, లేకపోతే నరం ఇంకా పాడవుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంకో టెన్షన్ కూడా ఉంది, ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తానని మొక్కుకున్నారు, 32 కిలోమీటర్లు, అదీ చెప్పుల్లేకుండా. మర్దన చేయించుకుంటే అప్పటికి కాళ్ళు బాగుపడతాయని ఆశ.

గోపాలపట్నం_తాతయ్య

అమ్మా, దీనికింత ఆలోచన దేనికి. మా నాన్నగారికి ఎనభై ఏళ్ళు వచ్చేవరకు వారం వారం నువ్వుల నూనె పట్టించి ఒళ్ళంతా మర్దన చేసేవాళ్ళం, ఆ తర్వాత కుంకుడుకాయతో తలంటు. ఆయన ఏనాడూ కాళ్ళ నొప్పులని మంచం ఎక్కలేదు. పసిపిల్లకి నూనె రాసి కాళ్ళు సాగదీసే దగ్గర్నుంచి పెళ్ళికొడుక్కి నలుగు పెట్టే వరకు మనకి నూనె లేని రోజు లేదు. డాక్టరు దగ్గరికి వెళ్తే మాత్ర తప్ప ఇంకోటి చెప్పరు, ఆ మాత్ర వేసుకుంటే మీ నాన్న తూలుతున్నాడని నువ్వే రాశావు. నాకూ 11 ఏళ్ళుగా షుగర్ ఉంది, రోజూ రాత్రి ఆముదం వెచ్చచేసి అరికాళ్ళకి పట్టిస్తాను, శుభ్రంగా ఉన్నాను. చేయించమ్మా, ఏం కాదు.

ఫిజియో_ఎంవీపీ

మేడమ్, నేను ఎంవీపీ కాలనీలో ఫిజియోథెరపీ ప్రాక్టీస్ చేస్తున్నాను, పన్నెండేళ్ళయింది. మీ ప్రశ్న నన్ను వారానికి ఇద్దరు ముగ్గురు అడుగుతారు కాబట్టి వివరంగానే రాస్తాను.

మీరు కాళ్ళు పడితే ఆయనకి హాయిగా ఉండటం భ్రమ కాదు. గోడకి మోచెయ్యి కొట్టుకుంటే మనం వెంటనే ఏం చేస్తాం, అక్కడ చేత్తో రుద్దుకుంటాం. స్పర్శని మోసుకెళ్ళే నరాలు వేరు, నొప్పిని మోసే సన్నటి నరాలు వేరు, రెండూ వెన్నుపాము దగ్గరికే చేరతాయి, స్పర్శ సంకేతాలు జోరుగా వస్తుంటే నొప్పి సంకేతాలకి అక్కడ దారి సన్నబడుతుంది. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని గేటుతో పోల్చి చెప్పారు. ఆ తర్వాత ఆ సిద్ధాంతంలో చాలా మార్పులు చేర్పులు వచ్చాయి గానీ మీ చేతి వల్ల వచ్చే ఉపశమనం చాలావరకు అదే. పైగా కూతురు పక్కన కూర్చుని కాళ్ళు పడుతుంటే మనసు కుదుటపడుతుంది, నిద్ర పడుతుంది. కొన్ని గంటలు బాగుంటుంది. కాబట్టి మీరు చేసేది ఆపకండి.

అయితే మెత్తగా పడితే ఇంత హాయి ఉంటే గట్టిగా నొక్కితే రెట్టింపు ఉంటుందనే లెక్క కుదరదు. షుగర్ వల్ల వచ్చే నరాల నొప్పిలో నరం ఎక్కడా పట్టేసి ఉండదు, మూసుకుపోయి కూడా ఉండదు. ఏళ్ళ తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉండటం వల్ల నరాల కొసలు దెబ్బతింటాయి. ఒంట్లో అన్నిటికంటే పొడవైన నరాలు కాళ్ళవి, వాటి కొసలు వేళ్ళ చివర ఉంటాయి, అందుకే ముందు వేళ్ళు, తర్వాత అరికాలు, ఆ తర్వాత మెల్లగా పైకి, రెండు కాళ్ళకీ మేజోళ్ళు వేసుకున్నట్టు పాకుతుంది. అక్కడ నొక్కి తెరవడానికి ఏమీ లేదు. 21 రోజులు నొక్కినా 210 రోజులు నొక్కినా దెబ్బతిన్న కొస మళ్ళీ మొలవదు.

అన్నిటికంటే ముఖ్యమైనది, చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. "మంట ఇంతలా తెలుస్తోంది కదా, అంటే స్పర్శ బాగానే ఉన్నట్టే కదా" అనుకుంటారు. కాదండి. ఒకే పాదంలో మంటా ఉంటుంది, మొద్దుబారడమూ ఉంటుంది. లోపల్నుంచి మంట పుడుతూనే ఉంటుంది, బయట నుంచి గోరు దిగినా, నూనె కాలినా, ఎముక మీద బొటనవేలు గుచ్చుకున్నా తెలియదు. మర్దన చేసేవాళ్ళు ఎవరైనా "నొప్పి పుడితే చెప్పండి" అంటారు, మన నొప్పే వాళ్ళకి కొలత. మీ నాన్నగారి దగ్గర ఆ కొలత పాడై ఉండొచ్చు.

అందుకని ముందు ఇంట్లోనే ఒకటి చూడండి. ఇంగ్లండ్‌లో ఇప్స్‌విచ్ అనే ఊళ్ళో ఆసుపత్రి వాళ్ళు తయారుచేసిన పరీక్ష ఇది, ఏ పరికరమూ అక్కర్లేదు. నాన్నగారిని పడుకోబెట్టి కళ్ళు మూసుకోమనండి. మీ చూపుడువేలి కొసతో ఆయన బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసల మీద ఒక్కొక్కటిగా అలా ఆనించి తీసెయ్యండి, ఒకటి రెండు సెకన్లు చాలు, నొక్కకూడదు, గోకకూడదు. రెండు కాళ్ళకీ కలిపి ఆరు చోట్లు. తగిలినప్పుడల్లా కుడి, ఎడమ అని చెప్పమనండి. ఆరింటిలో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియలేదంటే పాదాల్లో స్పర్శ తగ్గినట్టే. అప్పుడు వేడి నూనె, గట్టి మర్దన రెండింటినీ మర్చిపోండి.

తూలడం ఆ మాత్రకి తెలిసిన ఇబ్బందే. అలాగని మీ అంతట మీరు ఆపకండి, డాక్టరు గారికి చెబితే మోతాదు మారుస్తారు, లేదా డులోక్సెటిన్ లాంటివి వేరే ఉన్నాయి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర చాలా ఏళ్ళుగా వాడుతుంటే విటమిన్ బి12 కూడా చూడమని అడగండి, ఆ మాత్ర దీర్ఘకాలం వాడినవాళ్ళలో బి12 తగ్గే అవకాశం ఉంది, బి12 తగ్గినా ఇవే తిమ్మిర్లు వస్తాయి, దానికి మందు ఉంది.

గోపాలపట్నం తాతయ్యగారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. మన పెద్దవాళ్ళ నూనె అలవాటుని నేను తప్పుపట్టడం లేదు. కానీ మీ నాన్నగారి కాళ్ళకి చురుకు తెలిసేది. మీకు తెలుస్తోందో లేదో ఈ పరీక్ష మీరు కూడా ఒకసారి చేసి చూసుకోండి, దయచేసి.

సీతమ్మధార_లక్ష్మి

నేను ఇక్కడ ఎప్పుడూ చదవడమే తప్ప రాయను. ఇది చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

మా అమ్మకి కూడా అచ్చం ఇవే మంటలు. మూడేళ్ళ కిందట, చలికాలం, కార్తీక మాసం. నేనే ఇనప గరిటెలో నువ్వుల నూనె పోసి పొయ్యి మీద పెట్టి, రెండు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వేసి, తెచ్చి అమ్మ కాళ్ళకి రాశాను. నా చేతికి చురుక్కుమంది. "వేడిగా ఉందేమో అమ్మా" అన్నాను. అమ్మ ఏమందో తెలుసా అండి, "చల్లారిపోయింది, ఇంకొంచెం కాచుకురా" అంది. నేను నా చేతిని నమ్మకుండా అమ్మ మాటని నమ్మాను. మళ్ళీ కాచి తెచ్చాను. రాస్తుంటే "ఆ, ఇప్పుడు కొంచెం తెలుస్తోంది" అంది. నాకు ఆ మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది.

పొద్దున్న చూస్తే ఎడమ పాదం పక్కన, చిటికెనవేలి కింద, ఐదు రూపాయల బిళ్ళంత బొబ్బ. అమ్మ దాన్ని చూసి కూడా "ఇదెప్పుడొచ్చింది" అంది తప్ప నొప్పి అనలేదు. బొబ్బ చితికింది, పుండయింది, చీము పట్టింది. నాలుగు నెలలు రోజు విడిచి రోజు ఆటోలో తీసుకెళ్ళి డ్రెస్సింగ్ చేయించాను. డాక్టరు గారు చచ్చిన చర్మం కత్తిరిస్తుంటే అమ్మ నాతో సీరియల్ కథ చెబుతూ కూర్చునేది. ఆ కత్తెర చప్పుడు వింటే నాకు కడుపులో తిప్పేసేది, ఆవిడకి ఏమీ తెలిసేది కాదు. చివరికి మానింది, దేవుడి దయవల్ల వేలు తీసేసే అవసరం రాలేదు.

మీ నాన్నగారి పరిస్థితి రాసిన తీరు చూస్తే నాకు భయమేస్తోంది. ఆ 21 రోజుల మనిషిని పిలవకండి అక్కా. వేడి నీళ్ళ బకెట్‌లో కాళ్ళు పెట్టడం, హాట్ వాటర్ బ్యాగ్, ఇవి కూడా వద్దు. ఇప్పటికీ అమ్మ స్నానానికి నీళ్ళు తోడితే నేను మోచెయ్యి ముంచి చూశాకే పోసుకోనిస్తాను.

అక్కయ్యపాలెం_డ్రైవర్

నాది షుగర్ కాదు, నడుము. అయినా నరాల నొప్పే కదా, నా అనుభవం చెబుతాను.

నడుము నుంచి కుడి పిర్ర మీదుగా పిక్క దాకా ఒక తీగ లాగినట్టు ఉండేది, దగ్గినా తుమ్మినా కరెంటు. సయాటికా అన్నారు. రోజుకి పది గంటలు స్టీరింగ్ దగ్గర కూర్చునే బతుకు, సెలవు పెట్టే వీలు లేదు, ఎవరో చెబితే ఒకాయన దగ్గరికి వెళ్ళాను. బోర్లా పడుకోబెట్టి నడుం మీద కాలు పెట్టి తొక్కాడు, లోపల టక్‌మని చప్పుడు వచ్చింది, "డిస్కు లోపలికి పోయింది, ఇంక లెగు" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం తేలిగ్గానే ఉంది. మూడో రోజు మా మేడ మెట్లెక్కి ఇంట్లోకి వచ్చాను. మా ఆవిడ "ఒక చెప్పేదండీ" అంది. చూసుకుంటే కుడి కాలి హవాయి చెప్పు నాలుగో మెట్టు మీద ఉండిపోయింది. జారినట్టు నాకు తెలియనే లేదు. పాదం పైకి ఎత్తబోతే లేవదు, మడమ మీద నిలబడలేను.

ఎమ్మారై తీస్తే నడుం ఎముకల్లో ఎల్4-ఎల్5 దగ్గర డిస్కు బాగా జారి నరం వేరుని నొక్కేస్తోంది. ఆపరేషన్ చేశారు, ఎనిమిది నెలలకి పాదం చాలావరకు వచ్చింది, బొటనవేల్లో మాత్రం ఇంకా పూర్తి బలం లేదు. ఆయన తొక్కడం వల్లే జారిందా, ముందే జారుతోందా అని డాక్టరు గారిని అడిగితే ముందే జారుతూ ఉండొచ్చు, ఆ తొక్కుడుతో ఇంకా జారి ఉండొచ్చు, ఖచ్చితంగా చెప్పలేం అన్నారు. నేను కూడా అంతకంటే ఎక్కువ అనను. కానీ ఏ స్కానూ లేకుండా, కాలు ఎత్తగలవా లేదా అని ఒక్కమాట అడగకుండా నడుం ఎక్కి తొక్కించుకోవడం నా తప్పే.

ఇప్పుడు ఫిజియో ఆవిడ నడుం పక్కన కండరాలకి మెత్తగా మసాజ్ చేస్తారు, వెన్నెముక మీద చెయ్యి వేయరు, తర్వాత వ్యాయామం చేయిస్తారు. దానికి బాగుంటుంది.

ఫిజియో_ఎంవీపీ

డ్రైవర్ అన్నయ్యా, ఇది రాసినందుకు థాంక్స్. చదివేవాళ్ళందరికీ చెబుతున్నాను, నడుం నొప్పితో పాటు పాదం లేవకపోయినా, మూత్రం ఆగిపోయినా లేదా తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట, తొడల మధ్య మొద్దుబారినా మసాజ్ కాదు, ఫిజియో కూడా కాదు, అదే రోజు ఆసుపత్రికి. రాత్రయినా సరే, తెల్లారేవరకు ఆగొద్దు.

భీమిలి_రోడ్

సందర్భం వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. కటింగ్ అయ్యాక తల మసాజ్ చేసి చివర్లో గడ్డం పట్టుకుని మెడని టక్‌మని తిప్పుతారు చూడండి, అది చేయించుకోకండి. మెడ ఎముకల్లోంచి మెదడుకి రక్తనాళాలు వెళ్తాయి, ఆ విసురుకి అవి లోపల చీలితే పక్షవాతం వస్తుంది. అరుదే, కానీ జరిగింది. నేను కుర్చీలో కూర్చోగానే "తల వరకే, మెడ ముట్టుకోకు" అని ముందే చెప్పేస్తాను.

తైలం_చేతులు

నేను చేసేది ఇదే పని అండి. రుషికొండ వైపు ఒక ఆయుర్వేద సెంటర్‌లో అభ్యంగనం చేస్తాను, ఎనిమిదేళ్ళు. మా పని మీద కోపం వద్దు, అందరం ఒకేలా చెయ్యం.

"నరం పట్టుకుని నొక్కుతా" అనే మాట గురించి చెబుతాను. ఈ మాట వింటే జనానికి నమ్మకం కుదురుతుంది, అందుకే అంటారు. మడమ వెనక, మోకాలి వెనక తాడులా చేతికి దొరికేది నరం కాదు, కండరాన్ని ఎముకకి కట్టే స్నాయువు. నిజంగా నరం పైపైన ఉండే చోట్లు కొన్ని ఉన్నాయి, మోకాలి బయటి పక్కన కింద ఒక గుండ్రటి ఎముక తగులుతుంది, దాని పక్కనే నరం వెళ్తుంది, అక్కడ గట్టిగా నొక్కకూడదని మాకు మొదట్లోనే నేర్పుతారు. అక్కడ నరం దెబ్బతింటే పైన డ్రైవరన్న రాసినట్టే పాదం వేలాడిపోతుంది.

షుగర్ ఉన్నవాళ్ళు వస్తే నేను ముందు ఫోన్ టార్చి వేసి పాదం మొత్తం చూస్తాను, వేళ్ళ సందులు కూడా. ఒకసారి ఒక పెద్దాయన అరికాల్లో డ్రాయింగ్ పిన్ను తల మెరుస్తూ కనబడింది. లోపలిదాకా దిగి ఉంది. ఆయన దాంతోనే నడిచొచ్చారు. చూపిస్తే నమ్మలేదు, ఫోటో తీసి చూపించాను. ఆ రోజు మర్దన చెయ్యలేదు, డాక్టరు దగ్గరికి పంపించాను. ఇంకా రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా అని అడుగుతాను. ఒక పిక్క వాచి, రెండోది మామూలుగా ఉంటే అస్సలు ముట్టుకోను, లోపల రక్తం గడ్డ ఉంటే నొక్కినప్పుడు కదిలి ఊపిరితిత్తులకి పోవచ్చు. ఒక పాదం ఎర్రబడి వేడిగా ఉన్నా అంతే, వెనక్కి పంపిస్తాను. డబ్బులు పోతాయి, పోనీ.

మీ ఇంటికొచ్చే ఆయన ఇవి అడిగాడా లేదా చూడండి. అడగకుండా మొదటి రోజే నూనె పొయ్యి మీద పెట్టమన్నాడంటే దండం పెట్టి పంపించెయ్యండి.

మాధవధార_కోడలు

మా అత్తయ్యగారికి సర్పి వచ్చి తగ్గాక పక్కటెముకల మీద నొప్పి ఉండిపోయింది. పొక్కులు మాని ఆరు నెలలైనా రవిక తగిలితే నిప్పు పెట్టినట్టు అనేవారు, పండగకి పట్టుచీర కట్టుకోలేకపోయారు. అలాంటి చోట మాత్రం మెత్తగా అయినా సరే రాయడం, రుద్దడం పనికిరాదు, తగిలితేనే నొప్పి పుట్టే చోట చెయ్యి పెడితే అది సంకేతాన్ని ఇంకా రెచ్చగొడుతుందని చెప్పారు. లిడోకెయిన్ ప్యాచ్ (తిమ్మిరెక్కించే మందున్న పట్టీ) అంటించి, పాత నూలు జాకెట్లు వదులుగా కుట్టించాం. మీ నాన్నగారు దుప్పటి తన్నేస్తారని రాశారు కదా, అందుకే చెబుతున్నాను. ఆయనకి చెయ్యి హాయిగా ఉన్న రోజు పట్టండి, వద్దన్న రోజు బలవంతం చెయ్యొద్దు. మంచం కాళ్ళ వైపు ఒక అట్టపెట్టె నిలబెట్టి దాని మీద నుంచి దుప్పటి కప్పితే పాదాలకి తగలదు, మేము నడుం దగ్గర దిండ్లతో అలాగే చేసేవాళ్ళం.

కూర్మన్నపాలెం_అమ్మాయి

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను, కోపం తెచ్చుకోకండి, ఇల్లూ ఆసుపత్రీ తిరగడంతోనే సరిపోయింది.

ఫిజియో గారు చెప్పిన పరీక్ష ఆ రాత్రే చేశాను. అమ్మ పక్కనే నిలబడి చూసింది. నాన్న కళ్ళు మూసుకున్నారు. కుడి బొటనవేలు ముట్టుకున్నాను, ఏమీ అనలేదు. ఇంకా మొదలుపెట్టలేదు అనుకుంటున్నారు. మధ్యవేలు, ఏమీ లేదు. కుడి చిటికెనవేలికి "కుడి" అన్నారు. ఎడమ బొటనవేలు, మళ్ళీ మౌనం. కొంచెంసేపాగి "ఎప్పుడు మొదలుపెడతావు తల్లీ" అని అడిగారు. అమ్మ నా వైపు చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆరింటిలో మూడు తెలియలేదు. గాజువాక ఆయనకి అమ్మే ఫోన్ చేసి రావద్దని చెప్పింది.

తర్వాత విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి, అదే కేజీహెచ్‌కి తీసుకెళ్ళాం. అక్కడ సన్నటి నైలాన్ దారం లాంటిది అరికాలి మీద అది వంగేదాకా ఆనించి చూశారు, 10 గ్రాముల బరువు తెలుస్తుందో లేదో చూడటానికట. చప్పుడయ్యే ఇనప పుల్ల ఒకటి కొట్టి బొటనవేలి ఎముక మీద పెట్టి అదురు తెలుస్తోందా అన్నారు. వేళ్ళ దగ్గర తెలియలేదు, చీలమండ దగ్గర కొంచెం తెలిసింది. పాదం మీద నాడి బాగానే కొడుతోంది, రక్తప్రసరణ పర్వాలేదన్నారు. బి12 చూస్తే తక్కువే ఉంది, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. రాత్రి మాత్ర మార్చారు, తూలడం తగ్గింది. మంట పూర్తిగా పోదు, షుగర్ అదుపులో పెట్టుకుంటే పెరగకుండా ఉంటుంది అని ఉన్నది ఉన్నట్టు చెప్పారు.

మర్దన గురించి కూడా అడిగాను. చర్మం మీద పగుళ్ళు, పుండ్లు లేనప్పుడు అరచేత్తో మెత్తగా, నూనె కాచకుండా మామూలు కొబ్బరినూనెతో రాయమన్నారు, వేళ్ళ సందుల్లో నూనె ఉంచొద్దు, నానిపోయి ఫంగస్ పడుతుందన్నారు, అయ్యాక గుడ్డతో తుడిచి గానీ నడవనివ్వొద్దు, టైల్స్ మీద జారతారు అన్నారు. నేను ఇప్పుడు రోజూ రాత్రి పది నిమిషాలు అలాగే చేస్తున్నాను, చేసే ముందు టార్చి వేసి పాదాలు చూస్తున్నాను. రెండో రోజే ఎడమ మడమ పగుల్లో చిన్న ఇసుక రాయి ఇరుక్కుని కనిపించింది. లక్ష్మి అక్కా, మీ అమ్మగారి సంగతి మా అమ్మకి చదివి వినిపించాను. గరిటె గూట్లో పెట్టేసింది.

అట్టపెట్టె కూడా పెట్టాం. నాన్న వరసగా మూడు రాత్రులు దుప్పటి కప్పుకుని పడుకున్నారు.

గిరి ప్రదక్షిణ విషయంలో మాత్రం ఒప్పించడానికి వారం పట్టింది. తారు రోడ్డు మీద వట్టి కాళ్ళతో అసలు వద్దని డాక్టరు గారు కూడా గట్టిగా చెప్పారు. మొక్కు మొక్కే కదా అని ఆయన బాధ. చివరికి కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక దగ్గర మా అన్నయ్య వాళ్ళ స్నేహితులు మజ్జిగ పంచుతారు, ఆ టెంట్‌లో బూట్లు వేసుకుని కూర్చుని నడిచేవాళ్ళకి గ్లాసులు అందిస్తానన్నారు. స్వామికి అది కూడా సేవే అని అమ్మ అంటే ఒప్పుకున్నారు.

గోపాలపట్నం_తాతయ్య

అమ్మాయ్, నీ మొదటి ప్రశ్నకి తొందరపడి రాశాను, ఏం అనుకోకు.

మా మనవడు పదో తరగతి. వాడి చేత నేను కూడా చేయించుకున్నాను, ఆ ఆరు వేళ్ళ పరీక్ష. రెండు తెలియలేదు, రెండూ ఎడమ కాలివే. వాడు అబద్ధం చెబుతున్నాడని మళ్ళీ చేయించాను. అవే రెండు. మా ఆవిడ ఆముదం గిన్నె తీసి చూస్తే అడుగు మాడి ఉంది, రోజూ ఎంత వేడి చేసుకుంటున్నానో నాకే తెలియదు. ఎడమ మడమ పక్కన ఒక నల్లటి మచ్చ ఉంది, ఎప్పటిదో గుర్తు లేదు.

సోమవారం పొద్దున్న వెళ్తున్నాను. ఆ నైలాన్ దారం పరీక్ష ఏ ఓపీలో చేశారో, ఉదయం ఎన్నింటికి వెళ్ళారో కొంచెం రాయి తల్లీ.

కూర్మన్నపాలెం_అమ్మాయి

న్యూరాలజీ ఓపీలో తాతయ్యగారూ. మేము ఎనిమిదింటికల్లా చీటీ రాయించుకున్నాం. వాడుతున్న మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్ళండి, పాత షుగర్ రిపోర్టులు కూడా. మనవడిని తోడు తీసుకెళ్ళండి, ఆ మచ్చ తప్పకుండా చూపించండి. ఈలోగా ఆముదం వద్దు.